రాయమల్లు ఉత్త ట్రిప్పు

నా పేరు కృష్ణప్రియ. వయసు ఇరవై. గోదావరిఖనిలో డిగ్రీ చదువుతున్నాను. మా వాళ్ళది ఏలూరు వైపు. నాన్న ఉద్యోగం వల్ల ఇక్కడికి వచ్చారు, నేను ఇక్కడే పుట్టాను. ఈ పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చిన పవన్‌కుమార్ మా అన్నయ్య. ఫిర్యాదులో పేరున్న మెకానిక్ రాయమల్లు మాకు బంధువు కాదు. ఆయన్ను కాకా అని పిలుస్తాను.

అన్నయ్య హైదరాబాద్‌లో రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు కొన్నాడు. అందులో ఇంటికి వస్తుండగా, బొగ్గు లారీలు తిరిగే రోడ్డు మీద గుంతలో పడి ముందు ఎడమ చక్రం దగ్గర సస్పెన్షన్ దెబ్బతింది. నమ్మకమైన మెకానిక్‌ను వెతికే పని నాకు అప్పగించాడు. పెద్ద షెడ్డుల్లో అడిగాను. ఒకాయన వంగి కూడా చూడకుండా, "ఫికర్ చెయ్యకు మేడం, గిసొంటివి మస్తు చేసినం" అన్నాడు.

రాయమల్లు కాక షెడ్డు కమాన్‌పూర్ రోడ్డులో ఉంది. ఆయన ఓపెన్‌కాస్టు గని వర్క్‌షాపులో, బొగ్గు మోసే పెద్ద డంపర్లు బాగుచేసి రిటైరయ్యాడు. కారును చూసి గట్టిగా నవ్వాడు.

"ఏంది బిడ్డా, గిది భూమికి ముద్దు పెట్టుకుంట పోతదా? డంపర్లను లేపి నిలబెట్టినోన్ని, నాకు గిదొక లెక్కా? కని గిసొంటి కారు ఎన్నడు ముట్టలే. ముందే చెప్తున్న. చేస్త, చేసినంక ఉత్త ట్రిప్పు నేనే వేస్త. గట్లయితేనే పెట్టిపో."

ఉత్త ట్రిప్పు అంటే ఏమిటని అడిగాను. బ్రేకు పనో, సస్పెన్షన్ పనో చేశాక, చేసినవాడే ఖాళీ బండిని ఒంటరిగా నడిపి తేవాలట. అది అయ్యేదాకా ఇంకెవరూ ఎక్కకూడదట. వర్క్‌షాపులో వాళ్ళు పెట్టుకున్న పద్ధతి అది. ఆ మాట నాకు చాలా నచ్చింది. దారి పొడవునా మనసులో అనుకుంటూ ఇంటికి వెళ్ళాను. నచ్చిన సంగతి వద్దు, జరిగింది చెప్పమని ఎస్సై గారు అన్నారు. ఆ మాట కోసమే ఆయన్ను ఎంచుకున్నాను కాబట్టి చెప్పాను.

చక్రాన్ని బండికి పట్టి ఉంచే ఇనుప ఆర్మ్‌ను అన్నయ్యే ఎక్కడో కొని తెచ్చాడు. కాక దాన్ని వెలుగులో తిప్పి తిప్పి చూశాడు.

"పైకి మంచిగనే ఉన్నది తమ్మీ. లోపల ఎట్లున్నదో నాకు తెల్వది. వేరేది తెస్తవా?"

"నువ్వు బిగించు చాలు. సాయంత్రానికి నేను హైదరాబాద్‌లో ఉండాలి" అన్నాడు అన్నయ్య.

ఆదివారం ఉదయం పది దాటాక పని పూర్తయింది. అన్నయ్య టీ తాగడానికి వెళ్ళాడు. తాళం చెవి నా దగ్గర ఉంది. కాక చెయ్యి చాపాడు, ఇచ్చాను. నేనూ ఎక్కబోయాను.

"దిగు. నీకేమన్నయితే మీ అమ్మకు ఏం మొకం చూపియ్యాలె?"

నేను షెడ్డు ముందు నిలబడ్డాను. కారు కమాన్‌పూర్ వైపు వెళ్ళి, మలుపు దగ్గర తిరిగి, తిన్నగా వస్తోంది. కాస్త దూరంలో ఉండగా ఠంగుమని చప్పుడు వచ్చింది. ఎడమ చక్రం పక్కకు పడిపోయింది. కారు ఎడమవైపుకు జారింది. అక్కడ ఆటోలోంచి ఆడవాళ్ళు దిగుతున్నారు. కాక స్టీరింగు ఒక్కసారిగా తిప్పేశాడు. అంత చిన్న కారు, ఒక మనిషి రెండు చేతుల బలానికి లొంగి, కుడికి తిరిగింది. రోడ్డు పక్క మట్టికుప్పలో సగం దాకా దూరిపోయింది. ఆడవాళ్ళలో ఒకామె చేతిసంచి కూడా కింద పడలేదు. అలాంటిది నేను ఎప్పుడూ చూడలేదు. నిన్నటి నుంచి అదే కనిపిస్తోంది.

పరుగెత్తాను. కాక కాలు ఇరుక్కుపోయి ఉంది. ముఖమంతా మట్టి. నన్ను చూసి అడిగాడు.

"మీ అన్న ఏడి?"

"టీ తాగుతున్నాడు కాకా."

"మంచిదే. తాగనియ్యి."

ఈ మాటలు ఆయన అన్నట్టే చెబుతున్నాను. కాలు విరిగినవాడు అన్న మొదటి మాటలు ఇవి.

దవాఖానకు తీసుకువెళ్ళింది షెడ్డువాళ్ళు. ఆయన భార్య పోశవ్వ అక్కడికి వచ్చి, ఏడుస్తూనే తిట్టింది. "ముసలోనికి రేసు కారు కావలెనా?" "ఒక్కపారి కూసున్న గదనే" అన్నాడు కాక.

తాళం చెవి బల్ల మీద ఉంటే రాయమల్లు అడగకుండా తీసుకుని సరదాకు నడిపాడని అన్నయ్య ఫిర్యాదులో ఉంది. రాత్రి నన్నూ అలాగే చెప్పమన్నాడు. "బయటివాడి కోసం నన్ను అబద్ధాలకోరును చేస్తావా?" అన్నాడు. ఆ మాటకు జవాబు ఇక్కడ చెబుతున్నాను. కాక తీసుకోలేదు. ఆయన చెయ్యి చాపి అడిగాడు, నేను ఇచ్చాను. విరిగిన ఆర్మ్ అన్నయ్య తెచ్చినదే. ఆ ట్రిప్పు కాక వేయకపోతే, హైదరాబాద్ రోడ్డు మీద ఆ చక్రం అన్నయ్య చేతిలో ఊడేది. అన్నయ్యకు ఈ సంగతి తెలుసు.

అనుమతి లేకుండా కారు తీసుకున్నారని ఎవరి మీదైనా కేసు రాయాలంటే, మొదట నా పేరు రాయండి.

నేను చూసిందీ చేసిందీ ఇంతే. ఎవరూ బెదిరించలేదు, ఎవరూ నేర్పలేదు. రాసినదంతా చదివి వినిపించారు. ఒక్క మాట కూడా మార్చనక్కరలేదని చెప్పి సంతకం చేస్తున్నాను.

(సంతకం) కృష్ణప్రియ