తీర్థం గిన్నెలో గణపతి

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులు. చైతన్యపురిలో మేడ మీద కిరాయికుంటున్న గుంటూరు కుర్రాడు, కోచింగ్ విద్యార్థి, కంగారుగా కిందికొచ్చి ఇంటామెను అడిగాడు.

“ఆంటీ, మెట్ల మీద చిన్న గణపతి బొమ్మ కాగితం ఏమైనా చూశారా?”

“కాళ్లల్ల పడుండె. కండ్లకద్దుకొని తీర్థం గిన్నెల ఏసిన. దేవుని బొమ్మను తొక్కుతమా?”

“ఆ తీర్థం ఎవరు తాగారు?”

“మీ అంకులే, అంతా. తాగి ఎల్బీనగర్ చౌరస్తాల రాస్తారోకోకు పోయిండు. ఏమైంది?”

“అది ఎల్‌ఎస్‌డీ అండీ. మత్తు కాగితం. లేనివి కనిపిస్తాయి. ఒకప్పుడు ఫారిన్‌లో మనసు జబ్బులకి మందుగా ఇచ్చేవాళ్లంట, తర్వాత నిషేధించారు.”

“అయ్యో! పానానికేమన్న అయితదా?”

“మందు వల్ల కాకపోవచ్చు. ఏది నిజమో తెలీదు, అదే భయం. అక్కడంతా పోలీసులు. ఆంటీ, ఎవరికీ చెప్పకండి. ఆంధ్రా కుర్రాడు ఉద్యమం మనిషికి మందు పెట్టాడంటారు. నన్ను బతకనివ్వరు.”

“నీ సంగతి తర్వాత. జర ఆగు, మీ అంకుల్‌కు ఫోన్ కొడ్తున్న... ఆఁ, ఎత్తిండు... ఏమయ్యా, యాడున్నవ్? ఆఁ? వద్దు, ఇంటికి రా, నీ కాళ్లు మొక్కుత!”

“ఏమంటున్నారు?”

“పోలీసోళ్ల లాఠీలకు పూలు పూసినయంట. నా పూజకు తెంపుకొస్తడంట. వాళ్ల దిక్కే నడుస్తున్నడు.”