సముద్రం దాటిన చెయ్యి

"ఆగు! గొదలీవా, ఆగు! అది కింద పెట్టావంటే నా మీద ఒట్టే!"

వీధి ఆ చివర చేపల కొట్టు దగ్గర్నుంచి వచ్చిందా కేక. గెంట్ ఊళ్ళో ఆ కాలవగట్టు వీధిలో ఆ గొంతు ఎరగని పిల్లి కూడా లేదు. ఓడిలోన్‌ది. చేపల కొట్టు బోర్డు మీద రొయ్యకి మీసాలు దిద్దడానికని నిచ్చెనెక్కినవాడు, రంగు కుంచె చేతిలో అలాగే పట్టుకుని, డెబ్బై రెండేళ్ళ బొజ్జని ముందుకి తోసుకుంటూ పరుగు లంకించుకున్నాడు.

గొదలీవ ఆగలేదు. యోలాంద పూటకూళ్ళ కొట్టు ముందు చుట్టుపక్కల వాళ్ళంతా పాత పేపర్లూ, అట్టపెట్టెలూ గుట్టగా పేర్చి ఉంచారు. శుక్రవారం సాయంత్రం కాగితాల బండి వచ్చి ఎత్తుకుపోతుంది. ఆ గుట్ట మీద తన బొమ్మల కట్ట పెట్టేసింది. రెండు పెద్ద అట్టలు, మధ్యలో ఆరేళ్ళుగా గీసిన బొమ్మలు, పైన నల్ల నాడాతో ముడి. పెట్టేసి చేతులు దులుపుకుంది.

ఓడిలోన్ రొప్పుతూ వచ్చాడు. బతిమాలతాడేమో, తిడతాడేమో అనుకుంది గొదలీవ. అతను ఆ రెండూ చెయ్యలేదు. వెనక్కి తిరిగి, సరిగ్గా ఆ కట్ట మీద కూర్చున్నాడు. గుట్ట కిర్రుమని కిందికి కుంగింది.

"అమ్మయ్య. మెత్తగా ఉంది చెల్లెమ్మా."

"లే అన్నయ్యా. బండి వచ్చే వేళయింది."

"రానీ. ఈ వయసులో అంత పరుగు పరిగెత్తాక ఒక్క క్షణం ఊపిరి తీసుకోనివ్వవా?"

గోల విని యోలాంద గరిటెతో సహా గుమ్మంలోకి వచ్చింది. బయట బల్ల దగ్గర కమీల్ బీరు గ్లాసు ముందు పెట్టుకుని కూర్చున్నాడు గానీ, కూర్చున్నట్టు ఎవరికీ తెలీదు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా చిత్రకళ అకాడమీలో సాయంత్రం తరగతులకి మోడల్‌గా నిలబడుతున్న మనిషి. కదలకుండా ఉండటమే అతని కొలువు. ఒకసారి పావురం వచ్చి భుజం మీద వాలి కునుకు తీసిందని చెప్పుకుంటారు. అది చెప్పేవాడూ ఓడిలోనే అనుకోండి.

"ఏమైందే?" అంది యోలాంద.

గొదలీవ తల పక్కకి తిప్పుకుంది. "రేపు జ్యూరీకి వెళ్ళట్లేదు వదినా. అంతే."

అంతే అంటే అంతేనా? ముప్ఫై మూడేళ్ళు పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసిన మనిషి, యాభై రెండో ఏట మొదటిసారి బొగ్గుపుల్ల పట్టింది. ఆరేళ్ళపాటు వారానికి రెండు సాయంత్రాలు, వానైనా మంచైనా మానలేదు. ఆరో ఏడు చివర ఎవరి బొమ్మలు వాళ్ళే గోడకి తగిలించుకుని, వాటి పక్కన నిలబడాలి. బయటి ఊళ్ళ నుంచి ముగ్గురు చిత్రకారులు వచ్చి చూస్తారు. బాగున్నాయంటే అకాడమీ మేడ మీద ఉత్తరం వైపు కిటికీ దగ్గర సొంతంగా ఒక మూల ఇస్తారు. రోజంతా మారని వెలుతురు. ఆ మూల కోసమే గొదలీవ ఆరేళ్ళూ మెట్ల దగ్గర నిలబడి పైకి చూసి ఇంటికెళ్ళేది. అలాంటిది మొన్న మంగళవారం మాస్టారు అందరి ముందూ ఆమె బొమ్మ దగ్గర ఆగి, "ఇవి చేతులా, క్యారెట్ల కట్టా?" అన్నాడు. తరగతి తరగతంతా నవ్వింది.

"చేతులు రావు నాకు," అంది గొదలీవ. "చేతులు రానిది చిత్రకారిణెలా అవుతుంది? నలుగురి ముందూ నిలబడి మళ్ళీ నవ్వించుకోలేను. నువ్వు లే అన్నయ్యా."

దూరంగా వంతెన దగ్గర కాగితాల బండి గుర్రుమంది.

ఓడిలోన్ చెవులు రిక్కించాడు. కాళ్ళు ఇంకాస్త బార చాపుకున్నాడు. "చేతులంటే గుర్తొచ్చింది. నేనూ ఒకప్పుడు ఒక చెయ్యి గీశాను. ఒక్కటే, ఎంతో కాదు, పోస్టుకార్డంత."

"మొదలెట్టాడు నాయనో," అంది యోలాంద. "మాటలు కోటలు దాటతాయి, కాలు మాత్రం గడప దాటదు."

"నువ్వు ఆగమ్మా. కమీల్ కుడి చెయ్యే. ఎదుటివాడికి అందిస్తున్నట్టు, అరచెయ్యి ఇలా కొంచెం పైకి. గీసి, రొట్టెల కొట్టు కిటికీలో పెట్టాను, ఆరిపోవాలని. బొగ్గు బొమ్మ ఆరడమేంటని అడక్కండి, ఆ రోజుల్లో బొగ్గు అలా ఉండేది. పొద్దున్నే చర్చికెళ్తున్న ఒక పెద్దాయన కిటికీ దగ్గర ఆగాడు. టోపీ తీశాడు. చెయ్యి చాపి, 'శుభోదయమండీ' అన్నాడు."

"బొమ్మతోనా?" అంది యోలాంద.

"బొమ్మతోనే! మధ్యాహ్నానికి వీధంతా వరస కట్టారు. అద్దం మీద వేళ్ళ గుర్తులు తుడవలేక రొట్టెలాయన లబోదిబోమన్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పారిస్ నుంచి ఒక బొమ్మల వ్యాపారి, వెన్న రొట్టె కొనుక్కోవడానికని వచ్చినవాడు, రొట్టె సంగతే మర్చిపోయి 'ఈ చెయ్యి నాకు కావాలి' అన్నాడు."

గొదలీవ వంగి నాడా కొస పట్టుకుని లాగింది. కట్ట అంగుళం కూడా కదల్లేదు. ఓడిలోన్ కాస్త ఆ పక్కకే వాలి కూర్చున్నాడు.

"పారిస్‌లో గోడకి తగిలించారు. మహా మహా చిత్రకారులు, గడ్డాలు బొడ్డుదాకా ఉన్నవాళ్ళు, వచ్చి చూసి ఇంటికెళ్ళి తమ చేతుల బొమ్మలన్నిటికీ చేతి తొడుగులు గీసేశారు సిగ్గుతో. జనం వచ్చి చెయ్యి కలపడమే కలపడం. పదోరోజుకి ఆ అరచేతికి బొబ్బలెక్కాయి."

"బొమ్మకి?" అని గొదలీవ తనకి తెలీకుండానే అడిగేసింది.

"నా కళ్ళతో చూశాను చెల్లెమ్మా! వెన్నపూస గీశాను వాటి మీద. మర్నాటికి తగ్గాయి. జనవరిలో చలికి వేళ్ళు నీలంగా మారాయి. ఉన్ని తొడుగు గీసి వేశాను. తెల్లారి చూద్దును కదా, తొడుగు విప్పేసి పక్కన మడత పెట్టుకుని ఉంది! పెంకి చెయ్యి. అచ్చం దాని యజమానిలాగే."

కమీల్ రెప్ప వాల్చలేదు.

బండి వంతెన దాటి వీధిలోకి తిరిగింది. ఒక్కో గుమ్మం దగ్గరా ఆగుతోంది. అట్టపెట్టెలు నలిగిన చప్పుడు. ఓడిలోన్ గొంతు కొంచెం పెరిగింది.

"సరే, పారిస్‌లో చెయ్యి చూసి జాతకం చెప్పే ఒక ఆవిడ ఉండేది. బొమ్మలో రేఖలు చూసి, 'ఈ చేతికి సముద్రయానం ఉంది, ఆయుష్షు నూటపదేళ్ళు, పెళ్ళి మాత్రం ఆలస్యం' అంది. వారం తిరక్కుండానే న్యూయార్క్ నుంచి పిలుపు! పాస్‌పోర్ట్ ఆఫీసులో నన్ను సవాలక్ష కాగితాలడిగారు. ఆ చేతిని ఒక్క కాగితం అడగలేదు. అదే వేలిముద్ర వేసేసి, అదే సంతకం పెట్టేసింది. సంతకం నాకన్నా బాగుంది."

"పెడుతుంది, ఎందుకు పెట్టదు," అంది యోలాంద. "ఓడలో వాంతులు చేసుకుందా?"

"చేతికి వాంతులేంటే, తెలివితక్కువ మాటలూ నువ్వూ! ఓడ కదిలేటప్పుడు పైనుంచి ఊపింది. రేవులో పదివేలమంది తిరిగి ఊపారు. ఎవరికి ఊపుతున్నారో వాళ్ళకే తెలీదు. ఏడ్చారు కూడా."

గొదలీవ పెదవి కొస కదిలింది. వెంటనే బిగించుకుంది. ఓడిలోన్ మాత్రం చూసేశాడు. చూసినవాడు ఇక ఆగుతాడా? బండి నాలుగు గుమ్మాల దూరంలో ఉంది మరి.

"న్యూయార్క్‌లో ముప్ఫయ్యో అంతస్తులో పెట్టారు. రాత్రి ఒక దొంగ వచ్చాడు. పొద్దున తలుపు తీస్తే ఏముంది? దొంగ గోడకి వేలాడుతున్నాడు! చెయ్యి వాడి కాలర్ పట్టుకుని తెల్లార్లూ వదల్లేదు. పోలీసులు వాణ్ణి తీసుకుపోతూ చేతికి సలాం కొట్టారు. మేయర్ వచ్చాడు, బ్యాండు వచ్చింది. బ్యాండు వాయిస్తుంటే చెయ్యి తాళం వేసింది. 'ఓడిలోన్ గారూ, ఇక్కడే ఉండిపోండి, పదిహేడంతస్తుల మేడ, దాని నిండా ఉత్తరం కిటికీలే' అన్నారు. యోలాంద చేసే బీరు మాంసం కూర దొరకని ఊళ్ళో చచ్చినా ఉండనని ఓడెక్కేశాను. అంటే ఏంటి? గీయగా గీయగా చెయ్యి వస్తుంది చెల్లెమ్మా. నాకు వచ్చినట్టే."

బండి వచ్చి వాళ్ళ ముందే ఆగింది. నారింజ రంగు చొక్కా వేసుకున్న మీసాలాయన దిగాడు. గుట్ట మీద కూర్చున్న మనిషిని చూశాడు. "పెద్దాయనా, మిమ్మల్ని కూడా ఎక్కించమంటారా?"

"లే అన్నయ్యా," అంది గొదలీవ. గొంతులో నవ్వు పోయింది. "నీకు వచ్చింది, నాకు రాలేదు. ఎవరి చెయ్యి వాళ్ళది. లే."

ఓడిలోన్ ఖాళీ చేత్తో కట్ట అంచుని గట్టిగా పట్టుకున్నాడు.

అప్పుడు కదిలాడు కమీల్. గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడికి అందరూ ఉలిక్కిపడ్డారు.

"ఒరేయ్ ఓడిలోన్. నా చెయ్యా అది?"

"నీదే... కుడిది."

"ముప్ఫై ఒక్క ఏళ్ళుగా వారానికి రెండు సాయంత్రాలు మీ అందరి ముందూ ఒంటి మీద నూలుపోగు లేకుండా నిలబడుతున్నాను. అందులో మొదటి పదేళ్ళూ నువ్వు ముందు వరసలోనే కూర్చున్నావు. ఒక్క రోజు, ఒక్క రోజైనా నా చెయ్యి గీశావా?"

"గీయకపోవడమేంటి..."

"జేబులు గీశావు రా! బట్టల్లేని మనిషికి జేబులు గీసి, చేతులు అందులో దూర్చావు!"

ముందు మీసాలాయన నవ్వాడు. ఆ తర్వాత యోలాంద గుమ్మానికి చేరగిలబడి, గరిటె జారవిడిచి మరీ నవ్వింది. గొదలీవ ఆపుకుందామని చూసింది. ఆగలేదు. కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వి, కొంగులాంటి స్కార్ఫ్‌తో తుడుచుకుని, "నిజమేనా అన్నయ్యా?" అంది.

ఓడిలోన్ ముఖం కుంచెకున్న రొయ్య రంగుకి తిరిగింది. "జేబులు బాగానే వచ్చాయి," అన్నాడు మెల్లిగా. "ఒక్కోదానికి బొత్తాం కూడా పెట్టాను."

మళ్ళీ నవ్వులు. ఈసారి అతనూ నవ్వాడు గానీ నవ్వు సగంలోనే నిలిచిపోయింది.

"చేతులు రావు నాకు. రావని తెలిసి దాచేవాణ్ణి. జేబులో, వీపు వెనకాల, ఒకసారైతే పూలకుండీ వెనకాల. ఆరో ఏడు మొదలు ఏటేటా జ్యూరీ ముందురోజు నాకు జ్వరం వచ్చేది. ఐదేళ్ళు వచ్చింది. పదో ఏడు ఇలాగే, ఇదే వీధిలో, నా కట్ట తెచ్చి గుట్ట మీద పెట్టాను. బండి వచ్చేదాకా పక్కనే నిలబడ్డాను, ఎవరైనా వద్దంటారేమోనని. నన్ను చూస్తూనే జనం వెళ్ళిపోయారు. దాని మీద ఎవరూ కూర్చోలేదు."

మీసాలాయన చేతి తొడుగులు తీసి చంకలో పెట్టుకున్నాడు.

కమీల్ లేచి వచ్చాడు. "జరుగు," అన్నాడు. ఓడిలోన్ జరిగాడు. కమీల్ నాడా విప్పి, పైన ఉన్న బొమ్మ తీసి బల్ల మీద పరిచాడు. చాలాసేపు చూశాడు. ఎంతసేపంటే, మళ్ళీ కొలువులో నిలబడ్డాడేమో అనుకున్నారు అందరూ.

"క్యారెట్ల కట్టే," అన్నాడు చివరికి. "మాస్టారు అబద్ధమాడలేదు."

గొదలీవ తల దించుకుంది.

"కానీ ఇటు చూడమ్మా." తన కుడి చెయ్యి బొమ్మ పక్కన ఆనించాడు. చిటికెనవేలు కొస బయటికి వంగిపోయి ఉంది. "పదహారో ఏట ఇటుకల బట్టీలో నలిగింది ఇది. నా చేతులు వందలమంది గీశారు. కొందరు ఈ రోజు పెద్ద పేరున్నవాళ్ళు. అందరూ ఈ వేలు సరిచేసి గీశారు, అందం కోసం. వాళ్ళ బొమ్మల్లో చేతులు చూస్తే నాకెప్పుడూ వేరే ఎవరివో అనిపించేవి. నువ్వొక్కదానివే దీన్ని దీని మానాన ఉంచావు."

"వంకరగా ఉంది కదా," అంది గొదలీవ అయోమయంగా. "ఉన్నట్టే గీశాను."

"అదే చెప్తున్నాను. క్యారెట్లయితే అయ్యాయి, నా క్యారెట్లు."

మీసాలాయన కూడా వంగి చూశాడు. బొమ్మ వంకా, చెయ్యి వంకా. తల ఊపి, "అమ్మా, నా వెనక ట్రామ్ ఆగిపోయింది. తీసుకెళ్ళేదా, ఉంచేదా?" అన్నాడు.

గొదలీవ బొమ్మ లోపల పెట్టి నాడా ముడి వేసింది. కట్ట ఎత్తి గుండెలకి ఆనించుకుంది. "ఉంచేది. ఆ పెట్టెలు తీసుకెళ్ళు బాబూ." తర్వాత ఓడిలోన్ వైపు తిరిగింది. "రేపు పొద్దున పదింటికి. గోడకి మేకులు కొట్టాలి, నాకు అందవు. రావాలి నువ్వు. పక్కన నిలబడాలి కూడా, ముగ్గురూ చూసి వెళ్ళేదాకా."

"జ్యూరీ దగ్గరకా? నేనా?" ఓడిలోన్ నుదురు పట్టి చూసుకున్నాడు. "ఒళ్ళు వెచ్చబడుతున్నట్టుంది చెల్లెమ్మా."

"జ్వరంతోనే రా."

అతను తలూపాడు. రెండుసార్లు ఊపాడు. వెంటనే ఛాతీ విరుచుకున్నాడు. "మేకులంటే గుర్తొచ్చింది. రోమ్‌లో ఒకసారి, పైకప్పుకి..."

"చాల్లే, లోపలికి తగలడు! కూర అడుగంటుతోంది," అని యోలాంద అతని చేతిలో కుంచె లాక్కుంది.

లోపల కిటికీ పక్క బల్ల చుట్టూ కుర్చీలు జరిగాయి. యోలాంద కుండ తెచ్చి నడిమధ్య పెట్టింది. బీరులో ఉడికిన మాంసం, పక్కన పళ్ళెం నిండా వేడి వేడి బంగాళదుంప వేపుడు ముక్కలు. కమీల్ ముందుగా గొదలీవకి కుర్చీ లాగి, తర్వాత తను కూర్చున్నాడు. ఓడిలోన్ మెడలో రుమాలు దోపుకున్నాడు.

గొదలీవ పళ్ళెం ముందుకి జరిపింది. "ఇంకొంచెం వెయ్యి వదినా. మంగళవారం నుంచీ సరిగ్గా తినలేదు."