బోరు గీత, నీళ్ల గీత

కోసిగి పక్క పల్లె నుంచి వచ్చిన రైతు, కాలేజీ కంప్యూటర్ గదిలో కూతురి పక్కన కూర్చుని తెర మీది రెండు గీతలను చూస్తున్నాడు.

“నీలం గీత నేల్లోని నీళ్ల లోతు, ఎర్రది మన బోరు లోతు, నాయనా. రెండూ యాడ కలిస్తే ఆ సంవత్సరం మనకు నీళ్లు పడతాయి.”

“కలవలేదే పాపా.”

“ఏటా నీళ్లు ఎంత దిగుతాండాయో, మనమూ బోరు అంతే దించుతాండాం. రెండు గీతల వాలు ఒకటే అయితే యాడా కలవవు.”

“ఇంగా ముందుకు జరుపు. పదేండ్లు పోనీ.”

“జరిపినా. అట్లే పోతాండాయి.”

“ఈసారీ పడకపోతే మిరప చేను వదిలేసి బెంగుళూరుకు కూలికి పోవాల. నీ చదువూ ఆపాల్సిందే. బాగా చూడు పాపా.”

ఆమె మౌస్ తిప్పింది. తెర మీది గళ్లు చిన్నవయ్యాయి. రెండు గీతలూ దగ్గరై, ఒక్క గీతలా కనిపించాయి.

“కలిసినాయి. రేపే బోరు బండిని పిలుస్తా.”

“లేదు నాయనా. బొమ్మను చిన్నది చేసినందుకు అట్ల కనపడతాండాయి. పెద్దది చేస్తే మళ్లా విడిపోతాయి.”

“పెద్దది చేయొద్దులే తల్లీ. కొంచెంసేపు అట్లే ఉండనీ.”