పెద్దసారు నోట్సు మొదటి పేజీ

1992. సిద్దిపేటలో ఒక కాలేజీ. ఫిజిక్సు పెద్దసారు, ఆయన దగ్గరే చదువుకున్న చిన్నసారు పరీక్ష పేపర్లు దిద్దుతున్నారు.

“గీ జ్ఞానేశ్వరి జవాబు చూడు. నక్షత్రం కూలితే అంతా ఒక్క చుక్కల కుక్కుకపోయే సింగులారిటీ ఖాయమని నేను చెప్తే, ‘కాకపోవచ్చు’ అంటది. పెద్ద మేధావి! సున్నా ఏసిన.”

“కారణం రాసింది గద సార్. ఎనర్జీ సున్నా కిందికి పోదనుకుంటేనే ఆ సిద్ధాంతం నిలుస్తది. క్వాంటం ఫీల్డులల్ల ఎనర్జీ సున్నా కిందికి గూడ పోతది.”

“గా కథలు ఇంటికి పోయేటప్పుడు మిరుదొడ్డి బస్సుల చెప్పుకోమను! పదేండ్ల సంది రాయిస్తున్న. నా నోట్సుల గా షరతు యాడున్నది?”

“మొదటి పేజీల.”

“నా నోట్సు రెండో పేజీకెల్లే మొదలైతది!”

“మొదటిది నా దగ్గరున్నది సార్. ఎనభై రెండుల నకలు రాసుకుంటనని పట్టుకపోయిన. గా షరతు మీ చేతిరాతే. పదేండ్లల్ల మీరు ఒక్కసారి గూడ ఆ పేజీ అడగలే.”