ముప్పై రెండా, అరవై నాలుగా?

ఆదివారం మధ్యాహ్నం బావమరిది కుర్చీ లాక్కుని బావగారి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. బావ వెనకే నిలబడి తెర వంక చూస్తున్నాడు.

“బావా, నీ కంప్యూటర్ అరవై నాలుగు బిట్లది. నువ్వు వాడే బ్రౌజర్ మాత్రం పాత ముప్పై రెండు బిట్లది. అందుకే నువ్వు నెట్‌లో ఆడే చదరంగం మధ్యలో బిగుసుకుపోతోంది.”

“అందుకే ఓడిపోతున్నానని నీకెప్పుడో చెప్పాగా!”

“ఏడాదిగా చెబుతున్నావు. కొత్తది వేసేస్తాను, గొడవ వదిలిపోతుంది.”

“ఇప్పుడేం తొందరరా? పాతది చేతికి అలవాటైంది.”

“ఆట ఆగితే దాన్ని తిడతావు, తీసేస్తానంటే అడ్డుపడతావు. అదేమన్నా నీ చుట్టమా?”

చుట్టమే. ఓడిన ప్రతిసారీ నింద మోసింది అదే. ఆ మాట పైకి అనడానికి బావకు నోరు రాలేదు.

“పోనీ, రెండూ ఉంచరా. ఏది కావాలంటే అది తెరుస్తాను.”

“ఉంచొచ్చు. కానీ ఓడినప్పుడల్లా పొరపాటున పాతది తెరిచానంటావు. నిన్ను నేనెరగనా?”

బావ నవ్వేశాడు. “సరే, పీకెయ్యి.”

కొత్తది వేశాక బావ కంప్యూటర్లో, బావమరిది తన ఫోన్లో ఆట మొదలుపెట్టారు. తెర ఒక్కసారి కూడా ఆగలేదు. టీ చల్లారకముందే బావ రాజు చిక్కిపోయాడు.

బావమరిది ఫోన్ పక్కన పెట్టాడు.

“బావా, ఇవాళ నెట్ కాస్త నెమ్మదిగా ఉన్నట్టుంది కదూ?”

“బ్రహ్మాండంగా ఉంది. ఏనుగును ఊరికే పోగొట్టుకున్నది నేను. ఇంకో ఆట పెట్టు. ఈసారి ఏ ఎత్తు ఎందుకు వేస్తున్నావో చెబుతూ ఆడు.”