తలుపు తీయగానే

డాక్టర్ల మాట నాకు చెప్పకు బాబూ! పక్షవాతం వస్తే మాట పడిపోతుందని నాకూ తెలుసు. పడిపోతే అంతా పడిపోవాలిగా? తెలుగు మొత్తం పోయి, ఆ జపాను భాష ముక్క మిగలడమేంటి? ఇన్నేళ్ళు కాపురం చేశాను, నా పేరు పోయిందయ్యా! ప్రమీలా అని పిలవడం మర్చిపోయారు మీ సార్.

కూర్చో. కాఫీ చల్లారిపోతోంది. హైదరాబాదులో ఆయన దగ్గర ఆ భాష నేర్చుకున్నవాడివనే కదా, కబురుపెట్టి తిరువూరు దాకా రప్పించాను.

ఇందాక విన్నావుగా? మంచం మీద నుంచి నీ ముఖంలోకే చూస్తూ అన్నారు. "దోఆ ఒ అకెత తొతన్..." అంతే, అక్కడ ఆగిపోతారు. పొద్దస్తమానం అదే. చెయ్యి ఇలా గాల్లో విసిరి, తర్వాత మాట దొరక్క కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు.

నేనూరుకున్నానా? ఆయన పుస్తకాలు తిరగేసి పట్టుకున్నా. 'తలుపు తీయగానే'. అంతేగా? ఆఁ! తీయడానికీ, తర్వాత జరిగేదానికీ మధ్య ఊపిరి తీసుకునేంత సందు కూడా ఉండదన్నమాట.

ఏంటీ? తర్వాత వచ్చేది అనుకోకుండా జరిగిందే అయ్యుండాలా? మనమైతే తలుపు తీయగానే చెప్పులు విప్పాను అనేస్తాం. వాళ్ళు అలా అనకూడదూ?

మరింకేం బాబూ. నేననుకున్నదే.

మాకో పాప ఉండేది. శర్వాణి. నీకు చెప్పి ఉండర్లే, ఆయన ఎవరికీ చెప్పరు. తొంభై ఎనిమిదిలో, మెదడువాపు జ్వరం. ఆయన హైదరాబాదులో బస్సెక్కేసరికి పిల్ల ఉంది. పొద్దున్నే వచ్చి, ఇదిగో, ఈ తలుపే తీశారు. తీయగానే...

చాప మీద పడుకోబెట్టి ఉంది.

ఏడవలేదయ్యా ఆయన! నన్ను దగ్గరకి తీసుకోలేదు. వారం తిరక్కుండానే క్లాసులున్నాయంటూ వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఈ ఇంట్లో దాని పేరెత్తింది నేనొక్కదాన్నే. అదీ గోడలతో.

ఇన్నాళ్ళకి, తెలుగులో నోరు రానిది ఆ భాషలో చెప్తున్నారనుకున్నా. ఆయన ఆగిన చోటల్లా చెయ్యి పట్టుకుని, "అవునండీ, పాప. మన పాప" అని నేనే అందిస్తున్నా. ఇద్దరం కలిసి ఏడుస్తున్నాం. ఇద్దరం కలిసి! నీకేం తెలుస్తుందిలే అదెంత సుఖమో.

ఎందుకయ్యా తల దించుకున్నావు?

చెప్పు. ఫర్వాలేదు, చెప్పూ.

పిల్లి అన్నావా? పిల్ల కాదూ?

తలుపు తీయగానే పిల్లి బయటికి దూకింది... క్లాసులో ఏటా చెప్పే ఉదాహరణా? చెయ్యి అలా విసిరేది పిల్లి దూకినట్టా? మీరంతా నవ్వేవాళ్ళా?

అయ్యో, దేవుడా!

లేవకు, కూర్చో. నీ తప్పేముంది? ఆయన తప్పు మాత్రం ఏముంది, పాఠం పూర్తికాలేదని ఆయన ఏడుపు.

ఇంతకీ పిల్లిని ఏమంటారు ఆ భాషలో? నెకో? నెకో. సరే. ఈసారి ఆగితే అదే అందిస్తాను. మాట దొరికిందని కాస్త నవ్వుతారేమో పాపం.

నాకేంటిలే. ఒక్కదాన్నే ఏడవడం నాకు కొత్తా?