అద్దె కాగితం మీద పేరు

"లోపలికి రా రమణీ. తలుపు కాడ నిలబడి మాట్లాడొద్దు, పక్కోళ్లు ఇంటారు."

"చెప్పులు యాడ ఇడవాల గంగారత్నమక్కా?"

"యాడైనా ఇడువు. ఇంగ నీ ఇల్లే గదా."

కువైట్‌లో షువైఖ్ గరాజుల వెనక పాత బిల్డింగు, నాలుగో అంతస్తు, సాయంత్రం ఐదు గంటలు. 'నీ ఇల్లు' అన్న మాట వినేసరికి రమణికి పోయిన ప్రాణం లేచి వచ్చినట్టయింది.

"అట్లనొద్దక్కా, దిష్టి తగులుతాది. మూడు రాత్రులు మా ఊరి రెడ్డెమ్మత్త వాళ్ల బిల్డింగు మెట్ల మింద పండుకున్యా. ఈ పొద్దు గూడా కనపడితే పోలీసులకు పట్టిస్తానన్యాడు ఆ వాచ్‌మన్. పన్నెండేండ్లు చాకిరీ చేస్తినే! మా మామా, అదే నేను పని చేసిన ఇంటి అరబ్బు ముసలామె, సచ్చిపోయిన మూడోనాడు ఆమె కొడుకులు నా పెట్టె గేటు బైట పెట్టినారు."

"నిన్ననే చెప్పినావు గదా. పాస్‌పోర్టు తెచ్చినావా?"

"తెచ్చినా. ఇదిగో. అక్కా, నిజంగా నువ్వు చెప్పిన ఆ సాయం ఆఫీసోళ్లే అద్దె కడతారా?"

"మూడు నెలలు కడతారు."

"తర్వాత?"

"నీళ్లు తాగుతావా?"

"తర్వాత అక్కా?"

"తర్వాత వాళ్లు పంపిన ఇండ్లల్లో పని చేసుకుంటావు. ఇక్కడ సంతకం పెట్టు. ఇక్కడ గూడా."

"అంతా అరబ్బీలో ఉండాదే. ఏమి రాసినారు?"

"ఈ ఫ్లాటు నీ పేరు మింద ఉండాదని."

"నా పేరు మిందనా! మా ఊర్లో నా పేరు మింద రేషను కార్డు గూడా ల్యా!"

"నవ్వొద్దు."

"ఏమక్కా?"

"ఏంల్యా. నవ్వితే సంతకం వంకర పోతాది."

"ఇంగొక్క మాట. తలుపుకు బైట పక్క గొళ్లెముండాది, లోపల పక్క ల్యా. ఎందుకు?"

"దొంగల భయం."

"దొంగల భయమైతే గొళ్లెం లోపల గదా ఉండాల?"

"పెట్టు రమణీ, పొద్దు పోతాంది."

"నా మొగం పక్క సూడవేమక్కా?"

"ఏసీ గాలి కండ్లల్లో కొడతాంది, అంతే."

"ఏసీ ఆపేసి ఉండాది గదక్కా."

"ఇదిగో పెన్ను, పట్టుకో."

"ఆ అట్టపెట్టె ఎవురిది? తాడు బిగించింది సూస్తానే తెలుస్తాంది, ఊరికి పొయ్యే పెట్టె. పేరు రాసిన పక్క గోడకల్లా తిప్పినారే?"

"నీకంటే ముందుండిన ఆమెది."

"మన పక్కామేనా?"

"రాయచోటి కాడ."

"అదృష్టవంతురాలు. ఎన్నాళ్లుండింది ఈడ?"

"ఏడేండ్లు."

"ఏడేండ్లా! సాయం మూడు నెలలే అంటివే?"

"అబ్బా, ఎన్ని ప్రశ్నలడుగుతావ్మే! పెడతావా, మెట్ల కాడికి పోతావా?"

"కోప్పడొద్దక్కా. పెడతాండా... ఇక్కడ... ఇక్కడ గూడా. ఖలాస్! సూడు, ఎంత బాగొచ్చిందో. ఇంగ నా పాస్‌పోర్టు ఇటియ్యి."

"అది ఆఫీసులో పెట్టుకుంటారు."

"మళ్లా ఎప్పుడిస్తారు?"

"కాగితం మింద నీ పేరు తీసేసి ఇంగొకరి పేరు రాసినబ్బుడు."

"ఇంగొకరా? వాళ్లని ఎవురు తెస్తారు?"

"నువ్వే తేవాల."

"నేనా? యాడి నుంచి తేవాల? అక్కా, యాడికి పోతాండావు? ఆ పెట్టె ఎందుకెత్తుతాండావు? అక్కా... దీని మింద నీ పేరుండాదే! గంగారత్నం, రాయచోటి..."

"అరవొద్దు. ఆరింటికి ఆఫీసోళ్లొస్తారు, నా పాస్‌పోర్టు నాకిస్తారు."

"ఏడేండ్లుండింది నువ్వేనా?"

"నేనే. నీ మాదిరే నవ్వుకుంటా సంతకం పెట్టినా."

"ఆ కాగితం ఇటియ్యి! చించేస్తా!"

"చించేసి యాడికి పోతావు? పాస్‌పోర్టు ల్యాకుండా, ఇల్లు ల్యాకుండా?"

"నీకు మనసెట్లొచ్చిందక్కా? నిన్నటి నుంచి నా చెయ్యి పట్టుకొని తోడబుట్టిన చెల్లెలి మాదిరి మాట్లాడితివే!"

"ఇద్దరిని ఈ తలుపు దాకా తెచ్చి ఎనక్కి పంపినా. మనసు రాలే. నిన్ను గూడా పంపేదాన్నే రమణీ, నా బిడ్డ తోడు. మొన్న ఆ బిడ్డే ఫోన్లో నన్ను 'మీరు ఎవురండీ' అనె. ఆ పొద్దే మనసు సచ్చిపాయ."

"అక్కా, గొళ్లెం ఎయ్యొద్దు. నీకు దండం పెడతా. ఎయ్యొద్దక్కా!"

"పొద్దున పనికి తీస్తారులే. బైటికి పోయినబ్బుడు ఇంగొకరిని మెట్ల కాడ ఎతుక్కో. మెట్ల మింద పండుకున్నోళ్లు ఎన్ని ప్రశ్నలడిగినా, ఆఖరికి సంతకం పెడతారు."